302ను 347గా మార్చే ముందు: హైదరాబాద్‌లో పాత మజిల్ కారుకు స్ట్రోకర్ ఇంజన్ ప్రణాళిక

పాత అమెరికన్ వీ8 కారు చేతికి వచ్చినవారికి ఏడాది తిరగక ముందే ఇంకొంచెం బలం ఉంటే బాగుండుననిపిస్తుంది. ఆ బలం తెచ్చుకునే దారుల్లో టర్బో, సూపర్‌చార్జర్ వంటివి బానెట్ కింది రూపాన్నే మార్చేస్తాయి. స్ట్రోకర్, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరాన్ని (స్ట్రోకును) పెంచిన ఇంజన్, మాత్రం పైకి ఏమీ తెలియనివ్వదు. బ్లాకు అదే, ఎయిర్ క్లీనరు అదే, వాల్వ్ కవర్లు అవే. లోపలి క్రాంక్‌షాఫ్ట్, కనెక్టింగ్ రాడ్లు, పిస్టన్లు మాత్రం వేరు. అయితే అమెరికాలో తప్పు భాగం వస్తే కొద్ది రోజుల్లో మార్చుకోగలరు. హైదరాబాద్‌లో అదే పొరపాటు జరిగితే కొత్త భాగం మళ్లీ సముద్రం దాటాలి, కస్టమ్స్ దాటాలి, అంతవరకు విప్పిన ఇంజన్ షెడ్డులో దుమ్ము తింటూ కూర్చోవాలి. కాబట్టి ఇక్కడ ఈ పనిలో ముప్పాతిక వంతు స్పానరు పట్టుకోక ముందే, కాగితం మీద, కొలతల్లో పూర్తి కావాలని నా గట్టి అభిప్రాయం.

ఉదాహరణగా 1968లో వచ్చిన ఫోర్డ్ 302 ఇంజన్‌ను తీసుకుంటాను (ఈ అంకెలు ఘనపు అంగుళాల్లో ఇంజన్ పరిమాణాలు). ఈ ఇంజన్‌తో వచ్చిన మస్టాంగ్‌ను మజిల్ కారు అనకూడదని, అది పోనీ కారు అని వాదించేవారు ఉన్నారు. 1964 నాటి పాంటియాక్ జీటీవోతోనే అసలు మజిల్ కార్ల కాలం మొదలైందని చాలామంది ఒప్పుకుంటారు. ఆ తగవు తీరినా తీరకపోయినా ఇంజన్ లెక్క మారదు. షెవర్లే 350 ఉన్నవారు దీన్నే 383కు, ఫోర్డ్ 351 విండ్సర్ ఉన్నవారు 408కి అన్వయించుకోవచ్చు.

స్ట్రోకు పెరిగితే ఏమవుతుంది

302లో సిలిండరు బోరు (లోపలి వ్యాసం) 4.000 అంగుళాలు, స్ట్రోకు 3.000 అంగుళాలు. బోరును 4.030కి పెంచి, 3.400 స్ట్రోకు ఉన్న క్రాంకు వేస్తే అది 347 అవుతుంది. లెక్క ఇలా వేస్తారు: బోరును బోరుతో గుణించి, దాన్ని 0.7854తో, తర్వాత స్ట్రోకుతో, చివరికి 8 సిలిండర్లతో గుణిస్తే 346.95 ఘనపు అంగుళాలు వస్తుంది, అంటే దాదాపు 5,685 సీసీ. పాత ఇంజన్ 4,942 సీసీ. ఇందులో బోరు వల్ల పెరిగింది చాలా స్వల్పం. మిగిలినదంతా స్ట్రోకు చలవే.

స్ట్రోకు 0.400 అంగుళాలు పెరిగిందంటే క్రాంకు త్రో (క్రాంకు మధ్య నుంచి రాడ్డు తగిలే జర్నలు మధ్య వరకు ఉండే దూరం) అందులో సగం, అంటే 0.200 అంగుళాలు (సుమారు 5 మి.మీ.) పెరిగినట్టు. పిస్టన్ 5 మి.మీ. అదనంగా పైకి వెళ్తుంది, 5 మి.మీ. అదనంగా కిందికి దిగుతుంది. పాత రాడ్డూ పాత పిస్టనూ అలాగే ఉంచితే మొదటి తిప్పుడుకే పిస్టన్ వెళ్లి హెడ్డుకు కొట్టుకుంటుంది. అందుకే కొత్త పిస్టన్లో గడ్జన్ పిన్ను (పిస్టన్‌ను రాడ్డుకు కలిపే పిన్ను) రంధ్రం పైకి జరుగుతుంది. త్రో, రాడ్డు పొడవు, పిన్ను మధ్య నుంచి పిస్టన్ తల వరకు ఉండే ఎత్తు, ఈ మూడింటినీ కూడితే వచ్చే మొత్తం బ్లాకు డెక్ ఎత్తుకు (క్రాంకు మధ్య నుంచి హెడ్డు కూర్చునే పైతలం వరకు ఉండే ఎత్తుకు) చాలా దగ్గరగా ఉండాలి. 302 డెక్ ఎత్తు 8.206 అంగుళాలు. పాత లెక్క 1.500, 5.090, 1.600, కలిపితే 8.190. కొత్త లెక్క 1.700, 5.400, 1.090, ఇదీ 8.190 అవుతుంది. రాడ్డు 5.315 అయితే పిస్టన్ ఎత్తు 1.175, మొత్తం మళ్లీ అంతే.

5.400 రాడ్డుతో వచ్చే పిస్టన్లో పిన్ను రంధ్రం ఆయిల్ రింగు గాడిలోకి చొచ్చుకు వస్తుంది, దానికి అడుగున ఒక ఆధారపు పట్టీ వేయాలి. రోడ్డు మీద వేల కిలోమీటర్లు తిరగాల్సిన బండికి నేను 5.315 రాడ్డునే ఎంచుకుంటాను. రాడ్డు పొడవును స్ట్రోకుతో భాగిస్తే ఒకదానికి 1.59, రెండోదానికి 1.56 వస్తుంది, ఆ కొద్ది తేడాను స్టీరింగు వెనుక కూర్చున్న వ్యక్తి గుర్తుపట్టలేడు, ఆయిల్ తాగే ఇంజన్‌ను మాత్రం వెనుక వచ్చే స్కూటరువాడు కూడా గుర్తుపడతాడు.

స్ట్రోకు పెరిగిన కొద్దీ పిస్టన్ వేగమూ పెరుగుతుంది. 6,000 ఆర్‌పీఎం దగ్గర 302 పిస్టన్ సగటు వేగం సెకనుకు 15.2 మీటర్లు, 347లో అది 17.3 మీటర్లు. కాబట్టి స్ట్రోకర్‌ను 7,000 ఆర్‌పీఎం దాకా గుంజే ఇంజన్‌గా ఊహించుకోవద్దు. దాని సుగుణం 2,000 నుంచి 5,000 మధ్య ఉంటుంది. మన నగరంలో బండి నడిచేదీ ఆ మధ్యనే.

ముందుగా ఆర్‌సీ

ఇంజన్ దింపక ముందే ఆర్‌సీ చేతిలోకి తీసుకుని చదవాలి. ఇంజన్ నంబరు, క్యూబిక్ కెపాసిటీ రెండూ అందులో నమోదై ఉంటాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఇక బండిని వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకున్నవారు, చేయించుకోదలచినవారు మరొకటి గమనించాలి. 2021 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉండి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని వాహనానికే ఆ హోదా దక్కుతుంది. స్ట్రోకు పెంచిన ఇంజన్ ఈ షరతుకు ఎదురు నిలుస్తుంది.

కాబట్టి బండి వింటేజ్ హోదాకు అర్హమైనదైతే స్ట్రోకర్ ఆలోచన పక్కన పెట్టి, పాత ఇంజన్‌నే అసలు కొలతలకు బాగు చేయించమని చెబుతాను. ఆ హోదాతో సంబంధం లేని బండి అయితే, చేయదలచిన మార్పును లిఖితపూర్వకంగా ఆర్‌టీఏ కార్యాలయం ముందు పెట్టి, అక్కడి నుంచి వచ్చే జవాబు కూడా లిఖితంగా తీసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టాలి. కౌంటరు దగ్గర ఎవరో నోటిమాటగా "ఏం కాదు లే సార్" అంటే దాన్ని అనుమతిగా లెక్కించవద్దు. ఫ్యాక్టరీ నంబర్లన్నీ సరిపోయిన అసలు బ్లాకు ఉంటే దాన్ని కోయడం నాకు మనస్కరించదు. వేరే బ్లాకు వేస్తే ఇంజన్ నంబరే మారుతుంది, దాని అనుమతి వేరు. రెండు దారుల్లో ఏది ఎంచుకున్నా పని మొదట్లోనే ఎంచుకోవాలి.

పెట్రోలును బట్టి కంప్రెషన్

స్ట్రోకు పెరిగితే కంప్రెషన్ (సిలిండరులోని మిశ్రమం ఎన్నో వంతుకు నొక్కుకుపోతుందన్న నిష్పత్తి) దానంతట అదే పెరుగుతుందన్న సంగతి చాలామంది మరిచిపోతారు. 302లో ఒక్కో సిలిండరు 618 సీసీ, 347లో 711 సీసీ. పిస్టన్ పై కొసకు చేరాక మిగిలే ఖాళీ 73 సీసీ అనుకుంటే, 302లో కంప్రెషన్ దాదాపు 9.5, అదే ఖాళీ ఉంచి 347 చేస్తే 10.7 అవుతుంది.

ఇంటర్నెట్‌లో చదివి మోసపోయేది ఇక్కడే. అమెరికన్లు "93 ఆక్టేన్ మీద 10.5 హాయిగా నడుస్తుంది" అని రాస్తారు. ఆక్టేన్ అంటే నాకింగ్‌ను, అంటే మిశ్రమం తనంతట తానే పేలడాన్ని, పెట్రోలు ఎంత తట్టుకుంటుందో చెప్పే అంకె. అక్కడ పంపు మీద వేసే అంకె రీసెర్చ్, మోటార్ అనే రెండు పద్ధతుల ఆక్టేన్ల సగటు. మన బంకుల్లో చెప్పేది రీసెర్చ్ ఆక్టేన్ ఒక్కటే. వాళ్ల 93 మన లెక్కలో సుమారు 98; మన 91 వాళ్ల లెక్కలో సుమారు 87. మన 95 వాళ్ల 91కి దగ్గరగా ఉంటుంది. 100 ఆక్టేన్ పెట్రోలు దొరుకుతుంది గానీ అన్ని బంకుల్లోనూ కాదు. వికారాబాద్ వెళ్లి రావడానికి బయలుదేరిన బండి దారిలో ఉన్న బంకులో దొరికిన పెట్రోలుతో తిరిగి రాగలగాలి. అందుకే అల్యూమినియం హెడ్లతో 9.5, పాత ఇనుప హెడ్లతో 9.0 దాటవద్దని నా సలహా. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉండడం వల్ల గాలి ఒత్తిడి దాదాపు 6 శాతం తక్కువ. ఇది నాకింగ్‌ను కొంత తగ్గిస్తుంది, కానీ మే నెల 42 డిగ్రీల ఎండ ఆ లాభాన్ని తిరిగి లాగేసుకుంటుంది.

9.5 సాధించే లెక్క ఒకటి చేసి చూపిస్తాను. 711ను 8.5తో (9.5లో ఒకటి తీసేసి) భాగిస్తే 83.6 సీసీ, పిస్టన్ పైన మొత్తం మిగలాల్సిన ఖాళీ అది. హెడ్డులోని ఛాంబరు 64 సీసీ. 104 మి.మీ. వ్యాసం, 1 మి.మీ. మందం ఉన్న హెడ్ గ్యాస్కెట్ 8.5 సీసీ. డెక్కును చదును చేయించాక పిస్టన్ దానికి 0.1 మి.మీ. కిందుగా ఆగితే 0.8 సీసీ. కలిపితే 73.3. మిగిలిన 10.3 సీసీ పిస్టన్ తలలోని గుంతలో, వాల్వ్ గాడుల్లో ఉండాలి. అంటే కొనవలసింది చదును పిస్టన్ కాదు, సుమారు 10 సీసీ గుంత ఉన్న పిస్టన్. ఇక్కడ పిస్టన్ చదును అంచుకూ హెడ్డుకూ మధ్య 1.1 మి.మీ. మిగిలింది, నాకింగ్ రాకుండా ఉండడానికి ఆ సందు ఇంచుమించు ఇంతే ఉండాలి. కంప్రెషన్ తగ్గించాలని మందపాటి గ్యాస్కెట్ వేసి ఈ సందును పెంచేవారు ఉన్నారు. దానివల్ల కంప్రెషన్ తగ్గినా నాకింగ్ తగ్గకపోవచ్చు.

మన పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ ఉంటోంది. స్వచ్ఛమైన పెట్రోలుకు గాలి నిష్పత్తి 14.7 అయితే దీనికి సుమారు 13.5, అంటే 1968 నాటి జెట్లతో (పెట్రోలు వచ్చే సన్నని రంధ్రాలతో) కార్బురేటర్ ఇచ్చే మిశ్రమం పలచబడుతుంది. ప్రధాన జెట్టు వ్యాసం సుమారు 4 శాతం పెంచడం మొదటి అంచనా. ఆపై ఎగ్జాస్టులో మిశ్రమం నిష్పత్తిని చూపే వైడ్‌బ్యాండ్ సెన్సారు పెట్టి చూసుకోవాలి. పాత రబ్బరు పైపులు, ఫ్యూయల్ పంపు డయాఫ్రం, కార్బురేటర్ గ్యాస్కెట్లు ఇథనాల్‌కు తట్టుకునే రకం వేయాలి.

బ్లాకు విప్పాక, కిట్ కొనక ముందు

క్రాంకులు గ్రైండింగ్ చేసే ఒక ఉస్తాద్ బాలానగర్‌లో నాకు చాలా ఏళ్లుగా తెలుసు. నేను మొదటిసారి స్ట్రోకర్ కిట్ (క్రాంకు, రాడ్లు, పిస్టన్ల సెట్టు) పెట్టె పట్టుకుని వెళ్లినప్పుడు ఆయన పెట్టె వైపు చూడకుండానే బ్లాకు ఏదని అడిగాడు. ఇంట్లో ఉందన్నాను. "కొలిచినంక కొనాలె సార్, కొన్నంక కొలిస్తే ఏం ఫాయిదా?" అన్నాడు. ఆయన అన్నంత పనీ అయింది. ఆ బ్లాకులో రెండు సిలిండర్లు అప్పటికే అసలు కన్నా 0.040 అంగుళాలు ఎక్కువ వరకు బోరింగ్ అయి ఉన్నాయి, నా చేతిలో ఉన్నవి 0.030 ఎక్కువ ఉన్న పిస్టన్లు.

అందువల్ల బ్లాకును ముందు పూర్తిగా కడిగించి, మాగ్నెటిక్ పద్ధతిలో పగుళ్లు చూపించి, అల్ట్రాసోనిక్ మీటరుతో ప్రతి సిలిండరు గోడ మందం నాలుగు వైపులా తీయించాలి. మన దగ్గర ఇది మరీ ముఖ్యం. దశాబ్దాల తరబడి రేడియేటర్లో కూలెంటు లేకుండా బోరుబావి నీళ్లు పోసి తిప్పిన బండ్లు ఇక్కడ ఎన్నో ఉన్నాయి; వాటి వాటర్ జాకెట్లలో ఒక వైపు సున్నపు పెచ్చు, మరో వైపు తుప్పు తిన్న గోడ ఉంటాయి. గోడ పలచబడి ఉంటే మరింత బోరు చేయడం కన్నా స్లీవ్ (లోపల కొత్త గొట్టం) వేయించడం, లేదా ఆ బ్లాకునే వదిలేయడం మేలు. మామూలు 302 బ్లాకు 500 హార్స్‌పవర్ చుట్టుపక్కలకు వెళ్తే మధ్యకు చీలుతుందన్న పేరుంది; 350 నుంచి 400 మధ్య లక్ష్యం పెట్టుకున్న రోడ్డు బండికి ఆ భయం లేదు. పోల్చుకునేటప్పుడు పాత బ్రోచర్లలోని అంకెలు గ్రాస్ అని గుర్తుంచుకోవాలి: 1968 నాటి నాలుగు బ్యారెళ్ల 302కు రాసిన 230 హార్స్‌పవర్, సైలెన్సరూ ఫ్యానూ లేకుండా బెంచి మీద కొలిచినది. 1972 నుంచే నెట్ లెక్క వచ్చింది.

బోరింగ్, హోనింగ్ చేసే షాపులకు మన నగరంలో కొదవ లేదు. కానీ అవి ప్రధానంగా లారీలు, జీపులు, ట్రాక్టర్ల మీద బతికే షాపులు. వీ8 విషయంలో వాటిని రెండు ప్రశ్నలు అడగాలి. మొదటిది టార్క్ ప్లేటు గురించి. హెడ్డు బోల్టులు బిగించినప్పుడు సిలిండరు గుండ్రం కొద్దిగా వంకర పోతుంది. హెడ్డుకు బదులు దాదాపు 50 మి.మీ. మందం ఉక్కు ప్లేటును అదే టార్కుతో బిగించి హోనింగ్ చేస్తే ఇంజన్ బిగిశాక సిలిండరు నిజంగా గుండ్రంగా ఉంటుంది. 302కు సరిపోయే ప్లేటు షాపులో ఉండదు, తెప్పించాలి లేదా గ్యాస్కెట్ నమూనా ఇచ్చి చేయించాలి. రెండోది బ్యాలెన్సింగ్ గురించి. వరస నాలుగు, వరస ఆరు సిలిండర్ల క్రాంకులను ఉత్తగానే మిషను మీద పెట్టి బ్యాలెన్స్ చేస్తారు. 90 డిగ్రీల వీ8 క్రాంకుకు మాత్రం రాడ్డు, పిస్టన్ బరువులకు సరిపడే బాబ్‌వెయిట్లు ప్రతి జర్నలుకూ తగిలించి తిప్పాలి. బాబ్‌వెయిట్ అన్న మాట విని ఎదుటివాడు నవ్వితే మీ క్రాంకును అక్కడ వదలవద్దు. తయారీదారు దగ్గరే బ్యాలెన్స్ చేసి పంపే కిట్ కొనడం ఖరీదైనా ఈ ఊళ్లో అదే తెలివైన పని.

బ్యాలెన్స్ మాట వచ్చింది కాబట్టి నా నష్టం ఒకటి చెప్పుకోవాలి. ఫోర్డ్ 302లో క్రాంకుకు కావలసిన బరువు కొంత బయట, అంటే ముందు డ్యాంపరులోనూ వెనుక ఫ్లైవీలులోనూ ఉంటుంది. పాత ఇంజన్లకు అది 28 ఔన్సులు, 1980ల ఇంజన్లకు 50 ఔన్సులు. నేను 28 ఔన్సుల క్రాంకు, డ్యాంపరు కొని, వేరే అమ్మకందారు దగ్గర "302కు సరిపోతుంది" అని రాసిన ఫ్లైవీలు తీసుకున్నాను. అది 50 ఔన్సులది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి 2,200 ఆర్‌పీఎం దాటగానే వెనుక అద్దంలో లారీలు రెండేసి కనిపించాయి. గేర్‌బాక్సు దింపి, ఫ్లైవీలు తీసి, కొత్తది వచ్చేవరకు ఆరు వారాలు ఆగాను. డ్యాంపరు, ఫ్లైవీలు, క్రాంకు మూడింటి మీద ఔన్సుల అంకె ఒకటేనా కాదా అని ఆర్డరు పెట్టే కాగితం మీదే పక్కపక్కన రాసుకుని చూసుకోవాలి. షెవర్లేవారికీ ఈ గొడవ ఉంది: 383 పుట్టిందే 1970లో వచ్చిన 400 ఇంజన్ క్రాంకును, దాని మెయిన్ జర్నళ్లు 2.65 నుంచి 2.45 అంగుళాలకు తగ్గించి, 350 బ్లాకులో వేయడంతో. ఆ క్రాంకుకూ బయటి బరువు కావాలి.

క్రాంకు ఫోర్జ్‌డ్ (ఒత్తిడితో మలిచినది) ఉండాలా, క్యాస్ట్ (పోతపోసినది) చాలా అన్నది లక్ష్యాన్ని బట్టి ఉంటుంది. 400 హార్స్‌పవర్ లోపు, 6,000 ఆర్‌పీఎం లోపు నడిచే రోడ్డు ఇంజన్‌కు మంచి క్యాస్ట్ క్రాంకు సరిపోతుంది. మిగిలిన డబ్బును రాడ్డు బోల్టుల నాణ్యత మీద పెట్టండి. పిస్టన్లు ఫోర్జ్‌డ్ తీసుకుంటే 4032 అనే అల్యూమినియం మిశ్రమలోహం రోడ్డుకు అనువైనది. 2618 వేడికి ఎక్కువ వ్యాకోచిస్తుంది కాబట్టి దానికి సిలిండరులో ఎక్కువ సందు వదలాలి, పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు టకటకా శబ్దం వినాలి.

ఉత్తుత్తి బిగింపు

కిట్ వచ్చాక నేరుగా బిగించడం ఎంత తప్పో చెప్పడానికి మాటలు చాలవు. ముందు రింగులు లేకుండా ఒక పిస్టన్, ఒక రాడ్డు వేసి చూడాలి. మెయిన్ బేరింగులకు ఆయిల్ రాసి క్రాంకు పడుకోబెట్టి, క్యాపులు టార్కుకు బిగించి, ఒకటో సిలిండర్లో పిస్టన్ దింపి రాడ్డు బిగించాలి. ఆ తర్వాత పొడుగు హ్యాండిలుతో క్రాంకును కొద్దికొద్దిగా తిప్పుతూ, రాడ్డు బోల్టు తల సిలిండరు కింది అంచు దగ్గరికి వచ్చే చోట 1.5 మి.మీ. డ్రిల్ బిట్టు తోకను ఆ సందులో పెట్టి చూడాలి. అది సులువుగా జారితే సరే. ఇరుక్కుంటే అక్కడ మార్కరుతో గీత గీసుకుని, పిస్టన్ తీసేసి, చేతి గ్రైండరుతో కొద్దిగా చెక్కి మళ్లీ చూడాలి. ఇలా ఎనిమిదింటికీ విడివిడిగా చేయాలి, ఎందుకంటే ఏ రెండు సిలిండర్ల కింది అంచులూ పోతపోసినప్పుడు ఒకేలా రాలేదు. ఒక మధ్యాహ్నమంతా ఈ పనిలో గడిచిపోతుంది. చివరి సిలిండరు దగ్గర "టిక్" మన్న చిన్న శబ్దం వినపడితే ఆ మధ్యాహ్నం దండగ కాలేదని అర్థం. ఎక్కువ చెక్కితే వాటర్ జాకెట్ బయటపడుతుంది కాబట్టి చెక్కుడు ఎప్పుడూ చారెడు కాదు, చిటికెడే. ఆయిల్ సంప్ అంచు, షెవర్లేలో అయితే రాడ్డుకూ క్యామ్‌షాఫ్ట్‌కూ మధ్య సందు కూడా ఇలాగే చూడాలి, 1.5 మి.మీ. అక్కడా కనీస హద్దే.

ఇదే సమయంలో వాల్వులకూ పిస్టన్‌కూ మధ్య సందు చూసుకోవాలి. పిల్లలు ఆడుకునే మెత్తని బంకమట్టిని పిస్టన్ తల మీద అద్ది, హెడ్డు, గ్యాస్కెట్ పెట్టి బిగించి, క్యామ్ గొలుసుతో సహా రెండు పూర్తి చుట్లు తిప్పి, హెడ్డు తీసి, వాల్వు అద్దిన చోట మట్టిని బ్లేడుతో కోసి కొలవాలి. ఇన్‌లెట్ వైపు 2 మి.మీ., ఎగ్జాస్ట్ వైపు 2.5 మి.మీ. కన్నా పలచగా ఉండకూడదు. ఈ పరీక్షకు హైడ్రాలిక్ ట్యాపెట్ల (క్యామ్ కదలికను వాల్వు వైపు చేర్చే భాగాల) బదులు గట్టి ట్యాపెట్లు వాడాలి, లేకపోతే ట్యాపెట్ కుంగి తప్పుడు కొలత వస్తుంది.

మిగిలిన కొలతలు మామూలువే. మెయిన్ బేరింగుల్లో సందు జర్నలు వ్యాసంలో ప్రతి అంగుళానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు) చొప్పున, అంటే 302కు 2.2 నుంచి 2.5 థౌ. రింగు కొసల మధ్య సందు బోరు అంగుళానికి 4.5 థౌ చొప్పున, అంటే సుమారు 18 థౌ లేదా 0.46 మి.మీ. ఏదైనా ఒక కొలత సరిపోకపోతే ప్లాస్టిగేజ్ (సందు కొలిచే మెత్తని ప్లాస్టిక్ తీగ) మీద ఒట్టు పెట్టుకోకుండా మైక్రోమీటరు, డయల్ గేజ్‌తో మరోసారి చూడాలి.

ఊపిరి, చల్లదనం

పాత 302 హెడ్లలో ఇన్‌లెట్ వాల్వు 1.78 అంగుళాలు మాత్రమే. దాన్నే 347 మీద పెడితే ముక్కు మూసుకుని పరుగెత్తినట్టు ఉంటుంది. స్ట్రోకర్ చేయించి తృప్తి పడని వారిలో చాలామంది డబ్బంతా కింద పెట్టి పైన పాత హెడ్లు వదిలేసినవారే. 1.94 లేదా 2.02 వాల్వులున్న అల్యూమినియం హెడ్లకు బడ్జెట్ లేకపోతే ఇంకో ఏడాది ఆగడం మంచిది. క్యామ్ విషయంలో ఆశ తగ్గించుకోవాలి: పెద్ద ఇంజన్ పెద్ద క్యామ్‌ను మెత్తబరుస్తుంది నిజమే, కానీ ఐడిల్లో వాక్యూమ్ పడిపోతే బ్రేక్ బూస్టరు పనిచేయదు, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆ సంగతి తెలిసిరావడం మంచిది కాదు.

కార్బురేటర్ పరిమాణానికి కూడా లెక్క ఉంది. ఘనపు అంగుళాలను గరిష్ఠ ఆర్‌పీఎంతో గుణించి 3,456తో భాగించాలి. 347, 5,800కు 582 వస్తుంది. ఇంజన్ నిండే సామర్థ్యం 85 శాతం అనుకుంటే 495 సీఎఫ్ఎం (నిమిషానికి లోపలికి వెళ్లే గాలి, ఘనపు అడుగుల్లో). 600 సీఎఫ్ఎం కార్బురేటర్ ధారాళంగా సరిపోతుంది. 750 పెట్టుకుని గొప్ప చెప్పుకునేవారి బండి అమీర్‌పేట దాటేలోపు నాలుగు సార్లు ఆగుతుంది. కార్బురేటర్ అడుగున ఫినోలిక్ స్పేసరు (వేడిని ఆపే గట్టి ప్లాస్టిక్ పలక) వేస్తే వేడికి పెట్రోలు మరిగి, ఆపిన బండి తిరిగి స్టార్టు కాకపోవడం అనే జబ్బు చాలావరకు తగ్గుతుంది.

ఎక్కువ పెట్రోలు కాలితే ఎక్కువ వేడి పుడుతుంది, దాన్ని పారేయాల్సిన పని రేడియేటరుదే. కొత్త రేడియేటరు కన్నా ముందు ఫ్యాన్ చుట్టూ ష్రౌడ్ (గాలిని రేడియేటరు గుండా లాగించే తొడుగు) ఉందో లేదో చూడండి. అది లేకుండా ఎంత పెద్ద రేడియేటరు వేసినా ఆగి ఉన్న ట్రాఫిక్‌లో గాలి పక్కల నుంచే తిరిగిపోతుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఇంజన్ చల్లగా ఉంటుందని మన మెకానిక్‌లలో పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది. అది తీసేసిన ఇంజన్ చలికాలం పొద్దున చాలాసేపు వేడెక్కదు, రింగులు, సిలిండర్లు అరుగుతాయి. 82 డిగ్రీల థర్మోస్టాట్ ఉండాల్సిందే.

క్లచ్, గేర్‌బాక్సు, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లు, వెనుక యాక్సిల్ కొత్త టార్కును మోయగలవో లేదో పని మొదట్లోనే చూసుకోవాలి. ముందు చక్రాలకు డ్రమ్ము బ్రేకులే ఉన్న బండి అయితే డిస్కులకు మార్చే ఖర్చు ఇంజన్ బడ్జెట్లోనే వేయండి.

మొదటి స్టార్టు నుంచి మొదటి ఆయిల్ వరకు

మొదటి స్టార్టుకు ముందు డిస్ట్రిబ్యూటరు తీసి, ఆ రంధ్రంలోంచి డ్రిల్ మిషనుతో ఆయిల్ పంపు తిప్పి, పైన రాకర్ల దాకా ఆయిల్ చేరిందని కళ్లతో చూడాలి. డిస్ట్రిబ్యూటరు తిరిగి పెట్టేటప్పుడు ఫైరింగ్ ఆర్డరు క్యామ్‌ను బట్టి చూడాలి: పాత 302కు 1-5-4-2-6-3-7-8, 351 విండ్సర్‌కు 1-3-7-2-6-5-4-8, కొన్ని కొత్త క్యామ్‌లు 302లో కూడా రెండోదాన్నే అడుగుతాయి. చదును ట్యాపెట్లున్న క్యామ్ అయితే స్టార్టయిన వెంటనే 2,000 ఆర్‌పీఎం పైన ఉంచి 20 నిమిషాలు నడపాలి, ఐడిల్లో ఒక్క నిమిషం కూడా వదలకూడదు. జింక్ ఎక్కువ ఉన్న రన్నింగ్-ఇన్ ఆయిల్ తప్పనిసరి. ఈ 20 నిమిషాలూ బయటి నుంచి పెద్ద ఫ్యాను ఒకటి రేడియేటరు ముందు పెట్టండి. రోలర్ ట్యాపెట్లున్నవారికి ఈ తంతు లేదు. ఖర్చుకు వెనుకాడకపోతే నేను రోలరే సిఫారసు చేస్తాను.

ఇగ్నిషన్ టైమింగ్ మొత్తం 32 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ఎక్కడ వేస్తే ఎక్కువ బలం, ఎక్కడ నాకింగ్ అని ఒక్కో డిగ్రీ చొప్పున చూసుకోవాలి. 34 దాటించే ముందు ఎండాకాలం మధ్యాహ్నం ఒకసారి నడిపి చూడాలి. తర్వాత తెల్లవారుజామున ఔటర్ రింగ్ రోడ్డు మీద టాప్ గేరులో వేగం పెంచుతూ, కాలు తీసి వేగం తగ్గనిస్తూ పది పదిహేను సార్లు చేస్తే రింగులు కూర్చుంటాయి. 50 కిలోమీటర్ల దగ్గర మొదటి ఆయిల్, ఫిల్టరు మార్చాలి. తీసిన ఫిల్టరును పారేయకుండా డబ్బా కోసి, లోపలి కాగితం మడతలు విప్పి ఎండలో పట్టుకుని చూడాలి. వెండి పొడి లాంటి సన్నని మెరుపు ఉంటే కొత్త రింగులదే. రాగి రంగు రేకులు కనిపిస్తే బేరింగ్ తింటున్నట్టు. అయస్కాంతానికి అంటుకునే ముక్కలు కనిపిస్తే క్యామ్ లోబులు పోతున్నట్టు. ఈ రెండింటిలో ఏది కనిపించినా ఆ రోజు మళ్లీ స్టార్టు చేయకుండా సంప్ దింపాలి.